రెండు వందల పన్నెండు ముద్రలు

విశ్వవిద్యాలయంలో పరిశోధనల మూల్యాంకన విభాగాన్ని ముప్ఫయ్యేళ్ళు నడిపి రిటైరైన నేను, అరవై తొమ్మిదో ఏట, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. మతి సరిగ్గా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. గుండె సంగతి వేరే కాగితంలో రాశాడు. అది జతపరచడం లేదు.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, అందులోని సామాను నా తదనంతరం నా కూతురికి సర్వహక్కులతో చెందుతాయి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. వంటగది కిటికీ గడియ గట్టిగా లాగితేనే పడుతుంది.

2. నా కాలిక్యులేటరు రసాయనశాస్త్రం ప్రొఫెసరుకు. తన వ్యాసాల్లో తన పాత వ్యాసాలనే నూట నలభైసార్లు ప్రస్తావించుకుని, వాటికి మార్కులడిగిన మనిషి. సొంత డబ్బా లెక్కలోకి రాదని నియమం పెట్టింది ఆయన కోసమే. అప్పటినుంచి నాతో మాట్లాడడు. అందుకు నాకు విచారం లేదు.

3. నా సూత్రం తాలూకు ఫైళ్ళున్న ఇనుప బీరువా విశ్వవిద్యాలయానికి. సూత్రం ఇది: ఒక వ్యాసం అచ్చయిన రెండేళ్ళలో ఇతర పరిశోధకులు దాన్ని ఎన్నిసార్లు ప్రస్తావిస్తే అన్ని మార్కులు. వైద్యానికి బాగా కుదిరింది. గణితంలో రెండేళ్ళలో ఒకరు చదివితే గొప్ప. భాషలవాళ్ళు వ్యాసాలకంటే పుస్తకాలే ఎక్కువ రాస్తారు. పుస్తకాలకు నా పట్టికలో గడి లేదు. ఇది నాకు ముందే తెలుసు. గడి చేర్చాలంటే పట్టికంతా మళ్ళీ గీయాలని ఊరుకున్నాను.

4. ఈ సూత్రం అమల్లోకి వచ్చిన ఏడాది, మా విశ్వవిద్యాలయంలోనే భాషల విభాగంలో పనిచేస్తున్న మా అక్కకు సున్నా వచ్చింది. పడవలు కట్టేవాళ్ళ మాటలు పందొమ్మిదేళ్ళు సేకరించి ఆమె కూర్చిన పదకోశం పుస్తకం కాబట్టి. సున్నా కింద సంతకం నాది. ఆమె ఉద్యోగం పోయింది. "అందరికీ ఒకే కొలతకి చొక్కా కుట్టి, పట్టకపోతే ఒంటిదే తప్పంటావేంట్రా" అని వెళ్ళిపోయింది. పదిహేడేళ్ళుగా నన్ను తమ్ముడూ అని పిలవలేదు. ఏటా ఒక ఉత్తరం మాత్రం వస్తుంది: "మూల్యాంకన అధికారి గారికి, గడి చేర్చారా?" అని. నేను తప్పు చేశాను. ఈ ముక్క ఏ నివేదికలోనూ రాయలేకపోయాను.

5. పోయిన నెల మా వీధి లైబ్రరీలో ఆ పదకోశం తీసి, వెనక అట్టకు అతికించిన చీటీ మీద తేదీ ముద్రలు లెక్కపెట్టాను. రెండు వందల పన్నెండు. తీసుకెళ్ళినవాళ్ళలో పడవల వడ్రంగులు, ఒక నర్సు, ఒక జడ్జి ఉన్నారని లైబ్రేరియన్ చెప్పింది. వీళ్ళెవరూ వ్యాసాలు రాయరు. నిన్న పట్టికంతా మళ్ళీ గీసి, పుస్తకాలకు గడి చేర్చి, అందులో ఈ అంకె వేశాను. నలభై నిమిషాలు పట్టింది. ఆ కాగితం బీరువాలో అన్ని ఫైళ్ళకూ పైన ఉండాలి.

6. అక్కకు నేనేమీ రాయడం లేదు. వీలునామాలో లబ్ధి పొందేవాళ్ళు సాక్షులుగా ఉండకూడదు. సాక్షి మాత్రం నా ఎదురుగా కూర్చుని నేను సంతకం చేయడం చూడాలి. ఆస్తి ఇస్తానంటే అక్క రాదు. నా రాతలో తప్పులు వెతకమంటే రావచ్చు. కబురు పంపాను.

మార్చి పద్నాలుగు, శుక్రవారం ఉదయం, నా ముందుగదిలో.

(సంతకం)
మాజీ మూల్యాంకన అధికారి

సాక్షులు:

1. (సంతకం) లైబ్రేరియన్.

2. (సంతకం) పదకోశకర్త. షరా: అంతా చదివాను. అయిదో అంశంలో లెక్క తప్పు. ఆ ముద్రల్లో ఏడు నావే. సొంత డబ్బా లెక్కలోకి రాదు. రెండు వందల అయిదు అని దిద్దుకో, తమ్ముడూ.