కారు నీడకు పోయిన సోలార్ ప్యానెళ్లు

శిక్షణ కేంద్రం డైరెక్టర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమరి కారుకు నీడనిచ్చుచున్న ఆరు సోలార్ ప్యానెళ్లను సోమవారం పరీక్ష లోపు ఒక్కసారి మా చేతికి ఇప్పించవలెనని కోరుట గురించి.

నేను మూతబడిన బొగ్గు ప్లాంటులో బాయిలర్ ఆపరేటరుగా పనిచేసి, ప్రస్తుతం తమరి కేంద్రంలో సోలార్ టెక్నీషియనుగా తయారవుచున్నవాడను. అట్లని తమరి గోడ మీది బ్యానరు చెప్పుచున్నది. అందులో నవ్వుతున్న కుర్రవాడిని నేను కాను. నాకు నలభై ఎనిమిదేళ్లు, నవ్వేందుకు కారణాలేమీ లేవు.

1. మా అభ్యాసం నిమిత్తం వచ్చిన ప్యానెళ్లను తమరు రేకులకు బదులు కారు షెడ్డు పైకప్పుగా బిగించితిరి. వాటికి తీగ లేదు, బల్బు లేదు. సూర్యుడి నుంచి కరెంటు తీయవలసిన వస్తువును సూర్యుడికి అడ్డం పెట్టిన తెలివి తమరొక్కరిదే. పైగా ఆ నీడలో ఉన్న కారుకు దుప్పటంత మందం కవరు కూడాను! మా క్లాసు కిటికీకి కర్టెను లేదు.

2. కావున మాకు ప్యానెలు సుద్దముక్కతో బోర్డు మీద నేర్పబడుచున్నది. మేష్టారు పాపం మంచివారే. ఎర్ర తీగ గీయడానికి ఎర్ర సుద్ద ఇంటి నుంచి తెచ్చుకొనుచున్నారు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పి, రేపు ఏట్లో దూకమంటే ఎలాగండీ?

3. బాయిలర్‌లో చెయ్యి పెట్టాలంటే ముందు మంట ఆపుతాము. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్లో కరెంటు ఉండును గదా, మరి సూర్యుణ్ణి ఎక్కడ ఆపవలెనని అడిగితిని. మందపాటి గుడ్డ కప్పాలని చదివానని, తానెన్నడూ కప్పి చూడలేదని మేష్టారు ఒప్పుకొనిరి. తమరిని అడుగగా "అది సిలబస్‌లో లేదయ్యా, కూర్చో" అంటిరి. షాకు కొట్టేటప్పుడు కరెంటు సిలబస్ చూసుకోదు.

4. సోమవారం కంపెనీవారు వచ్చి, ఎదురుగా ప్యానెలుకు తీగలు కలిపినవాడికే ఉద్యోగం ఇచ్చెదరట. ఇది పోతే ఈ వయసులో నన్ను గేటు కాపలాకైనా పిలిచేవాడు లేడు. నిన్న భోజనం వడ్డిస్తూ మా ఆవిడ, "ఇన్ని నెలలుగా పోతున్నారు, ఒక్కసారైనా దాన్ని చేత్తో ముట్టుకున్నారా?" అని అడిగింది. తల దించుకొని తినుచుంటిని. బాయిలర్ రోజుల్లో ఈ చేతులు ఎంత రుద్దినా నలుపు వదిలేది కాదు. ఇప్పుడు సుద్ద తప్ప ఏమీ అంటడం లేదు. నాకు సిగ్గుగా ఉన్నదండీ.

5. ఇదే సంగతి మేమంతా నోటితో మనవి చేయగా, ఎండకు కారు రంగు వెలిసిపోవునని తమరు సెలవిచ్చిరి. మాతో చదువుచున్న పాత క్రేన్ డ్రైవరు, మేము మామ అని పిలుచువాడు, బయటికి వచ్చి ఒక్కటే అన్నాడు. "మన బతుకులు వెలిసిపోయినా పర్లేదన్నమాట."

కావున ప్యానెళ్లను ఒక్క పూట దింపించవలెనని, అంత పెద్ద మనసు లేనియెడల పరీక్షను కూడా సుద్దముక్కతోనే జరిపించవలెనని ప్రార్థన. ఈ పాటి మాటనైనను చిత్తగించవలెను.

ఇట్లు,
వేరే దారి లేక తమ విధేయుడు,
పాత బాయిలర్ ఆపరేటరు

తాజా కలం: అర్జీ పట్టుకొని వస్తే తమరు లేరు. సౌరశక్తి భవిష్యత్తు మీద ఉపన్యాసానికి ఎవరి కారులోనో హోటలుకు వెళ్లారని, సాయంత్రం వస్తారని బంట్రోతు చెప్పాడు. ఊరికే కూర్చోవడం దేనికని మామ షెడ్డు ఎక్కాడు. నిచ్చెన మేష్టారే పట్టుకున్నారు. ఆరూ దించి పెరట్లో పరిచాం. మందపాటి గుడ్డ కావలసి వచ్చింది కనుక తమరి కారు కవరు తీసి కప్పాం. బజారు నుంచి తీగలు, చిన్న బల్బు తెచ్చుకుని తలా ఒకసారి కలిపాం. నా వంతు అయ్యాక కవరు లాగితే బల్బు వెలిగింది. మేష్టారు కళ్లు తుడుచుకుని, సుద్దపొడి పడిందన్నారు.

సోమవారం దాకా ప్యానెళ్లూ కవరూ మా దగ్గరే ఉంటాయి. కారు ఎండలో ఉంది. తలుపు తీసేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోండి, పిడి కాలుతుంది. బాయిలర్ దగ్గర మాకు మొదటి రోజు నేర్పే పాఠం అదే.