మూత తీయకూడని గుండిగ

సెప్టెంబర్ 13, గురువారం

పొద్దున మబ్బు, తర్వాత మంచి ఎండ. మా అమ్మాయి ఎడ్నా పెళ్లి అయిపోయింది. మూడు వందల ఇరవై మంది వచ్చారు. పిల్ల ఏడవలేదు, నేనూ ఏడవలేదు.

నూడుల్స్ మాడిపోయాయి. ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

సెప్టెంబర్ 14, శుక్రవారం

ఎండ. పెళ్లి బల్లల మీద పరిచిన గుడ్డలన్నీ ఉతికి ఆరేశాం. రెండు తాళ్లు నిండిపోయాయి.

కోడలు ఐడెల్లా పొద్దుటి నుంచీ వెనక షెడ్డులో మాడిన గుండిగ తోముతోంది. సోడా వేసింది, బూడిద వేసింది, ఇనుప పీచు పెట్టి రుద్దింది. ఆ గుండిగ మా ఒక్కరిది కాదు, సంఘంలో అందరిదీ. ఎవరింట్లో పెళ్లయితే అక్కడికి వెళుతుంది. వచ్చే నెల డెనా రేబర్ కూతురి పెళ్లికి వెళ్లాలి. నేను కిటికీలోంచి రెండు సార్లు చూశాను. సాయానికి మాత్రం వెళ్లలేదు.

నిన్న వంటకు వచ్చిన ఆడవాళ్లు ఎన్ని మాటలన్నారో. ఇండియానా పిల్లకి ఓహాయో పొయ్యి ఇంకా లొంగలేదని ఒకామె అంది. వాళ్ల వైపు నూడుల్స్‌ని పొగబెట్టుకుని తింటారేమోలే అని డెనా అంది. అందరూ నవ్వారు. ఐడెల్లా కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఇది రాసి పెట్టుకోవాలి. నేనూ నవ్వాను.

సెప్టెంబర్ 16, ఆదివారం, మధ్యాహ్నం

మాకు వారం విడిచి వారం ఆరాధన, ఈ వారం లేదు. మా ఆయన కుర్చీలోనే గుర్రు పెడుతున్నాడు. ఉన్నదున్నట్టు రాస్తాను. ఈ పుస్తకంలో ముప్ఫై ఏళ్లుగా వానలూ ఉతుకులూ తప్ప ఏమీ రాయలేదు. ఇది కూడా పడి ఉండనీ.

మా అమ్మ నూడుల్స్ సన్నమంట మీద పెట్టి, పక్కనే నిలబడి కలుపుతూ చేసేది. నేనూ అంతే. ఐడెల్లాది వేరే పద్ధతి. వెన్న ఎర్రబడి కమ్మటి వాసన వచ్చేదాకా కాస్తుంది. కోడి ఉడికించిన నీళ్లు పోసి, తెర్లుతుండగా నూడుల్స్ వేసి, మంట పూర్తిగా ఆర్పేసి మూత పెడుతుంది. ఇక గంట సేపు ఎవరూ మూత తీయకూడదు, గరిటె పెట్టకూడదు. ఆ వేడికే ఉడుకుతాయట. మా అబ్బాయి రోమన్ ఆమెను చేసుకుని తెచ్చి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఆమె వంట గురించి నేను ఒక్క మంచి మాట అనలేదు. పెళ్లికి నూడుల్స్ తన పద్ధతిలో చేస్తానని అడిగితే సరేనన్నాను. పెదవుల మీద సరే అది.

పెళ్లి రోజు పది గంటలప్పుడు ఆమె కోళ్ల వేపుడు చూడ్డానికి ఇంట్లోకి వెళ్లింది. షెడ్డులో నేనొక్కదాన్నే ఉన్నాను. అంత గుండిగ కింద నిప్పు లేదు. మూడు వందల ఇరవై మంది. పచ్చి పిండి ముద్దలు వడ్డిస్తే పోయేది ఎవరి పరువు, ఆమెదా? నాది. వంగి, అగ్గిపుల్ల గీసి, గ్యాస్ తిప్పాను. సన్నగానే పెట్టాననుకున్నాను. మూత మాత్రం తీయలేదు, తీయనని మాటిచ్చాను కదా. రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇంతలో పెన్సిల్వేనియా చుట్టాలు దిగారని కేక వేశారు. వెళ్లాను. మాటల్లో పడి మరిచిపోయాను. మాడు వాసనకి ముందు పరిగెత్తింది ఐడెల్లా. నేను వెళ్లేసరికి మంట ఆరి ఉంది, గ్యాస్ అయిపోయిందేమో అనుకున్నాను. అడుగంతా బొగ్గు. పైవాటికి కూడా అదే వాసన. సగం మంది పళ్లాల్లో వదిలేశారు.

మంట ఆర్పడం మరిచిపోయావా అని డెనా ఆమెను అడిగింది. ఐడెల్లా తల వంచుకుని పైవాటిని వేరే గిన్నెలోకి తోడింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

సెప్టెంబర్ 19, బుధవారం

వాన. గుండిగ ఇంకా తెల్లబడలేదు.

సెప్టెంబర్ 23, ఆదివారం

ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర డెనా నన్ను పక్కకి పిలిచింది. కూతురి పెళ్లికి నూడుల్స్ నన్ను చేయమంది. ఐడెల్లాకి గిన్నెలు కడిగే పని ఇస్తుందట. ఏమీ అనుకోవద్దు, మూడు వందల మంది నోటి దగ్గర విషయం కదా అంది.

ఆ నూడుల్స్ పని ఐడెల్లాకి జూలైలోనే చెప్పారు. పెళ్లి వంటకి పిలుపు రావడమంటే మాలో చిన్న సంగతి కాదు. ఈ ఊళ్లో ఆమెను ఎవరైనా ఒక పనికి కోరి అడగడం అదే మొదటిసారి. ఆ రోజు పెరటి అవతల తన ఇంటి నుంచి ఇక్కడిదాకా పరుగున వచ్చి నాకు చెప్పింది. నూడుల్స్ ఎవరైనా చేస్తారు అన్నాను నేను.

ఇవాళ చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఏముంది? డెనా ఎదురుగా ఉంది, మాట నోటిదాకా వచ్చింది. సరే అన్నాను.

ఇంటికొస్తుంటే బండిలో ఆయన అన్నాడు, అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారే, ఈ ఊరి ఆడవాళ్లంతా ఆ పిల్లకి అత్తలయ్యారు అని. ఆయనకి ఏమీ తెలియదు. అయినా నేను గుమ్మడికాయల దొంగలా ఉలిక్కిపడ్డాను.

సెప్టెంబర్ 27, గురువారం

చల్లగా ఉంది. ఎవరూ లేనప్పుడు ఆమె పద్ధతిలో చిన్న గిన్నెడు చేశాను. వెన్న, కోడి నీళ్లు, గుప్పెడు ఉప్పు కాదు చిటికెడు, మొన్న దుప్పటి మీద ఆరేసిన నూడుల్స్. మంట ఆర్పాను. మూత పెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నాను. గడియారం వంక చూస్తూ గంట.

తీశాను. ఒకదానికొకటి అంటుకోలేదు. మెత్తగా, విడివిడిగా, వెన్న పట్టి ఉన్నాయి. నేను ముప్ఫై ఏళ్లుగా కలిపి కలిపి చేసినవి ఎప్పుడూ ఇలా రాలేదు.

నిలబడే ఒక పళ్లెం తినేశాను. మిగిలినవి ఆయనకి పెట్టాను. రెండోసారి వడ్డించుకుంటూ, ఐడెల్లా పంపిందా అన్నాడు. అవునన్నాను.

అక్టోబర్ 7, ఆదివారం

కౌన్సిల్ ఆరాధన. పొద్దుట ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం దాటేదాకా. రెండు వారాల్లో ప్రభు భోజనం, అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. దానికి ముందు సంఘంలో ఒక్కొక్కరినీ అడుగుతారు, అందరితో సమాధానంగా ఉన్నావా, ఎవరితోనూ తగువు లేదు కదా అని. లేనంటే ఆ తగువు తీరేదాకా సంఘం మొత్తానికీ ప్రభు భోజనం ఆగిపోవచ్చు. పన్నెండేళ్ల కింద ఒక కంచె తగువు వల్ల వసంతం దాకా ఆగింది.

బోధకుడు మా వరుసలోకి వచ్చాడు. నా పక్కామె చెప్పింది. నా వంతు. సమాధానంగా ఉన్నానన్నాను. నా గొంతు వణకలేదు, అందుకే నాకు భయం వేసింది.

వెనక, చిన్నవాళ్ల వరుసలో ఐడెల్లా గొంతు వినిపించింది. ఆమె కూడా అదే మాట చెప్పింది. పాపం, ఆమెకేం తెలుసు అనుకున్నాను.

అక్టోబర్ 11, గురువారం

ప్రభు భోజనానికి ముందు ఉపవాసం. మధ్యాహ్నం దాకా నీళ్లే. ప్రార్థన చేద్దామని మోకరిస్తే గుండిగే కనిపించింది.

అక్టోబర్ 15, సోమవారం

ఉతుకులు. గాలి బాగుంది. చెప్పేశాను.

ఆమె పెరట్లో తాడు దగ్గర దుప్పట్లు ఆరేస్తోంది. నేను క్లిప్పుల బుట్ట పట్టుకుని నిలబడ్డాను. మూడు దుప్పట్లు అయ్యేదాకా గాలి గురించే మాట్లాడాను. నాలుగో దుప్పటి మా ఇద్దరి మధ్యా అడ్డంగా వేలాడినప్పుడు, ఆమె మొహం కనపడనప్పుడు చెప్పాను. ఆ రోజు మంట వెలిగించింది నేనేనని.

"తెలుసత్తయ్యా" అంది, దుప్పటి అవతల నుంచి.

ఎలా తెలుసన్నాను.

"నేను పరిగెత్తుకొచ్చేసరికి మంట మండుతానే ఉంది. గబుక్కున ఆర్పేశాను. లేకపోతే ఎవరు వెలిగించారని అందరూ అడిగేవాళ్లు. షెడ్డులో ఉన్నది మీరొక్కరే కదా."

మరి నాతోనైనా ఎందుకు అనలేదన్నాను. ఎడ్నా పెళ్లి పూట ఏం అంటాను అంది. అంతటితో ఊరుకోవచ్చు కదా నేను? కౌన్సిల్లో సమాధానంగా ఉన్నానని ఎలా చెప్పగలిగావని కూడా అడిగాను.

ఆమె దుప్పటి పక్కకి జరిపింది. "మీ మీద చాలా కోపం వచ్చిందత్తయ్యా. డెనా గారు నన్ను తీసేసి మిమ్మల్ని పెట్టారని తెలిసినప్పుడైతే తిండి కూడా సయించలేదు. రోజూ ప్రార్థన చేసుకున్నాను. కౌన్సిల్ ముందటి శనివారం సాయంత్రానికి ఆ కోపం పోయింది. పోయింది కాబట్టే చెప్పాను."

ఆ ఒక్క మాట నిజం చేసుకోవడానికి ఆమె వారాల తరబడి పాటుపడింది. నేను ఒక్క క్షణంలో చెప్పి కూర్చున్నాను. ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు, వద్దనలేదు. మిగతా బట్టలు ఆరేసింది. అదే మంచిదైంది.

అక్టోబర్ 17, బుధవారం

సంఘంలో తగువులు చూసే డీకన్ ఇంటికి వెళ్లి కౌన్సిల్లో అబద్ధం చెప్పానని చెప్పాను. ఆదివారం అందరి ముందూ చెప్పాలన్నాడు. ఇంటికొచ్చి మా ఆయనకి కూడా చెప్పాను. ఐడెల్లా పంపిందన్న ఆ నూడుల్స్ నువ్వే చేశావా అన్నాడు. అవునన్నాను.

అక్టోబర్ 18, గురువారం

డెనా కూతురి పెళ్లి. తెల్లవారే వెళ్లాం. గుండిగ నా ముందు పెట్టారు. అడుగున నల్లటి మచ్చ ఇంకా ఉంది. దాన్ని చూసి ఒకామె మళ్లీ పొగ మాట ఎత్తింది, అందరూ నవ్వబోయారు.

"ఆ రోజు మంట పెట్టింది నేను" అన్నాను. "ఐడెల్లా ఆర్పింది. ఆమె చూడకుండా నేను మళ్లీ వెలిగించాను."

పన్నెండు మంది ఆడవాళ్లు. బంగాళాదుంపలు చెక్కే చప్పుడు కూడా ఆగిపోయింది. అయిదు వారాలు నోట్లో ఏం పెట్టుకున్నావు సవిల్లా అని డెనా అడిగింది. మెల్లగానే అడిగింది. పెద్దదాన్నని ఎవరూ ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది.

డెనాయే వెళ్లి ఐడెల్లాని గిన్నెల దగ్గర నుంచి తీసుకొచ్చింది. ఆమె చేతులు తుడుచుకుని, వెన్న కాచి, నూడుల్స్ వేసి, మంట ఆర్పి మూత పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అత్తయ్యా, మీరు కాస్త ఇటొచ్చి నా కళ్ల ముందు కూర్చోండి."

అప్పుడు నవ్వారు చూడండి అందరూ. నేనూ నవ్వాను. చెవులు కాలిపోతున్నాయి. గంట సేపు చిన్నపిల్లలా ఆమె చూపించిన చోటే కూర్చుని దుంపలు చెక్కాను. నూడుల్స్ ఒక్కటి మిగల్లేదు.

అక్టోబర్ 21, ఆదివారం

నా చోటే కూర్చుని, తల వంచుకుని సంఘం ముందు ఒప్పుకున్నాను. క్షమించారు. ప్రభు భోజనం అయ్యాక ఒకరి కాళ్లు ఒకరం కడిగే వేళ ఐడెల్లా మేజోళ్లు విప్పుకుని నా దగ్గరికి వచ్చింది. ముందు నేను కడుగుతానన్నాను. అప్పటికే ఆమె వంగింది.

అక్టోబర్ 23, మంగళవారం

మొదటి మంచు. ఐడెల్లా మా వంటింట్లో నూడుల్స్ పెట్టి, మంట ఆర్పి, మూత పెట్టి, కోళ్లకి గింజలు వేసి వస్తానని వెళ్లింది. ఇంట్లో నేనొక్కదాన్నే. అగ్గిపెట్టె పొయ్యి పక్కనే వదిలి వెళ్లింది.