పుర్రచేతి చుట్టు

సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్,
ఆదివారం.

అన్నయ్య గిరిబాబుకి చెల్లెలు నీలవేణి నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అమ్మా, నాన్నా, నేనూ, నాన్న తీగ చుట్టే పాత మిషనుతో సహా అందరం కులాసా. అక్కడ పుణెలో నువ్వూ, హైమవతి వదినా కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. కులాసాగా లేనిదల్లా నీ కాయిలొక్కటేనని నీ ఉత్తరం చూశాక తెలిసింది. పరీక్ష బెంచీ మీద పెట్టిన కాసేపటికే వేడెక్కిపోతోందట. పొగ వాసన వస్తోందట. శుక్రవారం బైకుల కంపెనీ వాళ్లు వచ్చి తమ ఇంజిన్‌కి బిగించి చూస్తారట. ఆ పరీక్ష తప్పితే నీ ఉద్యోగానికే ఎసరట. "చెల్లెమ్మా, కారణం చెప్పి పుణ్యం కట్టుకో" అని రాశావు. చెల్లెమ్మా అని నువ్వు నన్ను పిలిచి ఎన్నాళ్లయింది అన్నయ్యా! చదివి చాలాసేపు నవ్వుకున్నాను.

చెబుతాలే, కంగారుపడకు. నిదానంగా చెబుతాను. నీ నంబరు బ్లాక్ చేశానని చిన్నబుచ్చుకున్నావు. ఫోన్లో అయితే నా మాట సగంలో ఉండగానే నువ్వు అందుకుంటావు. కాగితం మీదైతే నేను చెప్పేదంతా అయ్యేదాకా నోరు మూసుకుని చదవాల్సిందే.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు, ఆవిడ రోజూ డాబా ఎక్కి వడియాలు పెడుతోంది. నాన్న సాయంత్రమైతే సైకిలేసుకుని ట్రాఫిక్ కాలనీకి వెళ్లి పాత రైల్వే వర్క్‌షాపు నేస్తాలతో పేకాడి వస్తాడు. మన పాత క్వార్టరుకి ఎవరో చిలకపచ్చ రంగేశారట, అది చూసి వచ్చిన రోజల్లా అన్నం దగ్గర తిట్లే. నా ఉద్యోగం అదే, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ట్రాన్స్‌ఫార్మర్లు చేసే అదే ఫ్యాక్టరీ, అదే డిజైన్ సెక్షను. పెళ్లి సంగతి అడిగావు. కుదిరితే నీకు చెప్పకుండా ఉండనులే.

ఇక కాయిల్. అది ఎవరిదో నీకూ నాకూ తెలుసు. అయినా నువ్వు ఊరూరా చెప్పుకునే కథని ఒకసారి నా నోట విను.

బ్యాటరీలో ఉన్న కాస్త కరెంటుని వేల వోల్టులకి ఎగదోసి ఇంజిన్ స్పార్క్ ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించేది ఇగ్నిషన్ కాయిల్. పెద్దదిగా చెయ్యమంటే ఎవరైనా చేస్తారు. దాన్ని బొటనవేలంత చేసి ప్లగ్ నెత్తినే కూర్చోబెట్టాలన్నది నా పిచ్చి. చిన్నది చేస్తే లోపలి ఇనుము చిన్నదవుతుంది. చిన్న ఇనుము అయస్కాంత శక్తితో ఇట్టే నిండిపోతుంది. నిండాక ఎంత కరెంటు పోసినా రవ్వ పెరగదు, ఒట్టి వేడే. అందుకని ఇనుము మధ్య సందులో ఒక బిళ్ల అయస్కాంతం పెట్టాను. అది ఇనుముని ముందే ఎదురు దిక్కుకి నెట్టి ఉంచుతుంది. అప్పుడు తీగ చుట్టలో పుట్టే శక్తికి బోలెడు చోటు దొరుకుతుంది. ఆదివారాలన్నీ నాన్న మిషను ముందు కూర్చుని, వెంట్రుకంత తీగ తెగినప్పుడల్లా ఏడుస్తూ, మళ్లీ చుడుతూ చేశాను. నాన్న పాత స్కూటరుకి బిగిస్తే ఒక్క కిక్కుకే అందుకుంది. ఆ రోజు నువ్వూ ఇంట్లోనే ఉన్నావు, దసరా సెలవులకి వచ్చి.

వంటింట్లో నిలబడి నువ్వన్న మాట నాకు అక్షరం తప్పకుండా గుర్తుంది. "ఇదిలా నాకియ్యే నీలా. మా ఆఫీసోల్లకి సూపిత్తాను. పేరు నీదే సెప్తాను. నువ్వు కూడా పుణె ఒచ్చీవొచ్చు." ఇచ్చాను. పకోడీలు వేస్తున్న చేతిని కొంగుకి తుడుచుకుని మరీ ఇచ్చాను. అన్నవి కదా, రాత తీసుకోవాలని తోచలేదు.

ఆ తర్వాత నీ ఫోన్లు తగ్గాయి. ఓ రోజు మన ఇంటి వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. కోటు వేసుకుని, అరచేతిలో నా కాయిల్ పట్టుకుని, కింద "డిజైన్: గిరిబాబు" అని. అమ్మ చప్పట్ల బొమ్మలు పెట్టింది. నేను ఫోను బల్ల మీద బోర్లించి కూర్చుంటే నా దగ్గరికొచ్చి, "ఏటే ఆ మొకం? అన్నకి పేరొత్తే మనకి రానట్టేటి? ఒక కడుపున పుట్టినోల్లు కాదేటి మీరు?" అంది. ఒక కడుపున పుట్టినవాళ్లలో ఒకరి పేరే ఫోటో కింద ఉందని ఆవిడకి కనబడలేదు.

అంతటితో ఆగినా నేను ఊరుకుందునేమో. ఎండాకాలంలో మన తెలుగువాళ్లు చేసే మాత పూజకి నువ్వు వచ్చావు. పందిట్లో కమిటీ పెద్ద కామేశం గారు నీకు శాలువా కప్పిస్తామన్నారు. శాలువా పళ్లెం పట్టుకోవడానికి స్టేజీ మీదికి ఎవర్ని పిలిచారు? నన్నే. "సెల్లి సేతుల మీదుగా అయితే బాగుంతాది" అన్నారు పాపం, ఆయనకేం తెలుసు. నేను పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. నువ్వు మైకు అందుకుని ఏమన్నావో నీకు గుర్తుందా?

"మా సెల్లి కూడా సాయం సేసీది. నేను సుడతంటే తీగ పట్టుకునీది."

జనం చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను, పళ్లెం చేతిలో ఉంటే ఇంకేం చేస్తాను? కిందికి దిగాక పక్కింటి దీదీ నా బుగ్గ గిల్లి, "తోమార్ దాదార్ కీ బుద్ధి గో!" అంది. మీ అన్నది ఏం బుర్రమ్మా అని. ప్రసాదం ఆకు దొప్పలో అలాగే వదిలేసి ఇంటికొచ్చేశాను. ఒళ్లు మండిపోయింది అన్నయ్యా. ఫోటో కింద నీ పేరు వేసుకున్న రోజు నువ్వు ఒట్టి దొంగవే. మైకు ముందు నన్ను తీగ పట్టుకునేదాన్ని చేసిన రోజు నాకు పగవాడివయ్యావు. నీ నంబరు బ్లాక్ చేసింది ఆ సాయంత్రమే.

ఇప్పుడు నేను దాచిన మాట చెబుతాను.

మాత పూజ అయ్యాక నువ్వు నాకు మొదటి ఉత్తరం రాశావు. అప్పటికింకా శుక్రవారం పరీక్షకి వెళ్లే కాయిళ్లకి మీరు ఎపాక్సీ జిగురు పోత పొయ్యలేదు. అందులో ఎక్కడో మధ్యలో, అల్లం టీ గురించి అడిగినంత తేలిగ్గా ఓ ప్రశ్న పెట్టావు: "అయస్కాంతం ముఖం నీ శాంపిల్లో ఎటుందో అటే పెట్టిస్తున్నాను, సరిపోతుందిగా?" చదవగానే నాకు తెలిసిపోయింది, సరిపోదని. ఒక్క మాట రాస్తే చాలు: తిప్పు. నేను నీకు పేజీలకి పేజీలు జవాబు రాశాను. అమ్మ మోకాళ్లు, మామిడికాయల ధర, గోల్‌బజార్లో వదినకి చూసిన చీర, అన్నీ రాశాను. ఆ ఒక్కటీ రాయలేదు. మరిచిపోయాననుకున్నావు, "నువ్వు రాయలేదంటే సరిపోయినట్టే అనుకుని పోత పోయించేశాను" అని ఇప్పుడు రాశావు. నేను మరిచిపోలేదు. ఆ ప్రశ్న దగ్గర ఆగి, మళ్లీ చదివి, దాన్ని దాటుకుని మామిడికాయల దగ్గరికి వెళ్లాను. కావాలనే వెళ్లాను.

నీ ఆ మొదటి ఉత్తరం నాన్న కూడా చదివాడు. మర్నాడు టీ తాగుతూ అడిగాడు.

"సెప్పీసినావేటే ఆడికి?"

"నేదు నాన్నా."

"పోత పోసీసినాడా?"

"రేపో మాపో పోసీత్తాడు."

నాన్న మీసాల్లో నవ్వుకుని గ్లాసు కింద పెట్టాడు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ నవ్వుతో నా కడుపు కొంత చల్లబడింది.

కారణం అడిగావుగా, విను. నువ్వు నా శాంపిల్‌ని రంపంతో అడ్డంగా కోయించి చూశావు. అలా కోస్తే తీగ వరసలు చుక్కలు చుక్కలుగా కనబడతాయి. ఎన్ని వరసలో తెలుస్తుంది, ఎంత మందమో తెలుస్తుంది, తీగ ఏ వైపుకి తిరిగిందో మాత్రం తెలీదు. నేను పుర్రచేతిదాన్ని. నాన్న నా కోసం మిషను పిడిని ఎడమ పక్కకి మార్చి ఇచ్చాడు. నా చుట్టు అందరి చుట్టుకీ ఎదురు. దానికి తగ్గట్టే అయస్కాంతం ముఖం పెట్టాను. మీ ఫ్యాక్టరీ మిషన్లు మామూలు వాటంలో చుడతాయి. నువ్వు అయస్కాంతాన్ని నాలాగా పెట్టించి, తీగని మీలాగా చుట్టించావు. ఇంకేముంది, ఎదురు నెట్టాల్సిన అయస్కాంతం అదే దిక్కుకి తోస్తోంది. ముందే సగం నిండిన బిందెలో నీళ్లు పోస్తున్నావు. అందుకే ఆ వేడి, ఆ పొగ.

పిన్నులు తారుమారు చేసి కరెంటుని తిప్పిస్తే పోలేదా అని నీకిప్పుడు తోచి ఉంటుంది. చేసి చూడు. వేడి తగ్గుతుంది, రవ్వ తలకిందులై ప్లగ్ నీరసంగా కొడుతుంది, ఆ పరీక్షలో తప్పుతావు. విప్పి సరిచేద్దామంటే ఎపాక్సీ పోత గట్టిపడిపోయింది. ఇక బ్రహ్మదేవుడొచ్చినా ఆ బిళ్లని తిప్పలేడు. కొత్తవి చేయించాలంటే శుక్రవారం లోపల అవదు.

నాకు వింతగా ఉన్నదేమిటంటే, నేను పుర్రచేతిదాన్నని ఈ లోకంలో అందరికన్నా నీకే బాగా తెలుసు. అన్నం దగ్గర నా ఎడమ చేతి మీద గరిటతో కొట్టింది నువ్వే. గుళ్లో ప్రసాదానికి చెయ్యి చాస్తే "పుర్రసెయ్యి, పుర్రసెయ్యి" అని లైనంతా వినబడేలా అరిచి నన్ను ఏడిపించింది నువ్వే. అంత తెలిసినవాడివి చుట్టింది ఆ చెయ్యేనని ఎలా మరిచిపోయావు? నేను చుట్టాను, నేను చుట్టాను అని అందరికీ చెప్పీ చెప్పీ చివరికి నువ్వే నమ్మేశావు. మరొకడు దొంగిలించి ఉంటే, ఇది చుట్టినవాళ్లెవరని ఒక్కసారైనా ఆలోచించేవాడు.

జాలి వెయ్యలేదా అంటే, వదిన మీద వేసింది. నీ మీద వెయ్యలేదు. మీ ఆఫీసులో ఎవర్నీ అడగలేక, అడిగితే డిజైన్ నీది కాదని తేలిపోతుందని భయపడి, నువ్వు ఏసీ గదిలో చెమటలు కక్కుతున్నావని ఊహించుకుని ఈ వారమంతా హాయిగా నిద్రపోయాను. ఇలా రాస్తే చెల్లెలు రాక్షసి అనుకుంటావు. అనుకో.

అయితే నిన్ను ముంచడమే నాకు కావాలంటే ఈ ఉత్తరం రాసే పనే లేదు, ఇంకో వారం మామిడికాయల గురించి రాస్తే సరిపోయేది. మా మేనేజరు స్వర్ణకుమారి గారికి జరిగిందంతా చెప్పాను. ఆవిడ పోత గదిలో నాకో మూల ఇచ్చారు. అక్కడ కాయిళ్లు చేశాను. మీ బెంచీకి, వాళ్ల ఇంజిన్‌కి అతికినట్టు సరిపోతాయి. రోజంతా నడిపినా చేత్తో పట్టుకోవచ్చు, నేను పట్టుకుని చూశాను. ఈ ఉత్తరంతో పాటు అదే పెట్టెలో పెట్టి కొరియర్ చేస్తున్నాను. గురువారానికి నీ చేతికి వస్తాయి. పుచ్చుకో. శుక్రవారం అవి బిగిస్తే పరీక్ష నెగ్గుతావు, ఉద్యోగం నిలబడుతుంది.

పెట్టె విప్పాక ఒక్కోదాన్నీ తిప్పి చూడు. తల మీద నీలవేణి అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంటుంది. స్టిక్కరు కాదు, అచ్చులోనే చెక్కించి పోత పోశాను. టేపు వేసి దాద్దామంటే ఇంజిన్ వేడికి ఊడి వస్తుంది. ఆకురాయితో గీకుదామంటే నీ ఇష్టం. బొటనవేలంత కాయిల్‌లో అన్నిటికన్నా పలచగా ఉండే గోడ ఎక్కడుందో వెతికి మరీ అక్షరాలు అక్కడ పెట్టాను. నా పేరు గీకినచోటునుంచి రవ్వ బయటికి దూకుతుంది, ఇంజిన్ అందుకోదు.

ఆ బైకుల కంపెనీ వాళ్లు కాయిల్‌ని చేతిలోకి తీసుకుని, ఈ నీలవేణి ఎవరయ్యా అని తప్పకుండా అడుగుతారు. మీ పెద్దలంతా అక్కడే ఉంటారు. నీ నంబరు మీద బ్లాక్ ఈ పొద్దునే తీసేశాను. వాళ్లు అడిగినప్పుడు నాకు ఫోన్ కలిపి, స్పీకర్లో పెట్టి, ఎవరో చెప్పు. నేను వింటాను.

ఇట్లు,
నీ తోడబుట్టిన
నీలవేణి