పోలేరమ్మ గారి పాఠం

హెడ్‌మేడమ్ ఇందిరాదేవి గారికి నమస్కారాలు.

క్లాసంతా నీసు వాసనని, ఇక బయటివాళ్ళని పాఠానికి పిలవొద్దని మీరు పంపిన చీటీ చూశాను. కోపంతో నాలుగు పేజీలు రాసి చింపేశాను. శ్రమకి వాసన ఉంటుందండీ!

వేసవిలో సముద్రంలో చేపల వేట నిషేధం మీద కరపత్రం చదివి వినిపిస్తే పిల్లలు నిద్రపోయారు. అందుకే చేపలమ్మే పోలేరమ్మ గారిని పిలిచాను. "పడవలు సముద్రమ్మీదకి పోవట్లేదమ్మా, అందుకే రేటెక్కువ" అంటూ ఆవిడ గంప దించగానే అందరూ లేచి కూర్చున్నారు. ఇంతలో మీరొచ్చి పండుగప్ప చేపకి బేరం మొదలెట్టారు.

వేసవిలో చేపల ధర ఎందుకు పెరుగుతుందని పరీక్షలో అడిగాను. ఐదో తరగతి శాంభవి ఇలా రాసింది: "వేట ఆపుతారు కాబట్టి. మా హెడ్‌మేడమ్ గారొస్తే తగ్గుతుంది."

పూర్తి మార్కులు వేశాను. వచ్చే వారం కొండపల్లి బొమ్మలు చేసే విఠల్ గారిని పిలవనివ్వండి. మీరూ రండి, సంచి తెచ్చుకోండి.

ఇట్లు,
మీ కోపిష్టి మాస్టారు