అరచేతుల దురద

అత్తయ్యా,

ఈరోజు మీ సంవత్సరీకం. ఇంట్లో మీ అబ్బాయి పిండం పెడుతున్నారు, నేను ఇక్కడ మోవా పేటలో హిందీ డాక్టరమ్మ దగ్గరున్నాను. మళ్ళీ కడుపుతో ఉన్నాను. మళ్ళీ అరచేతులు, అరికాళ్ళు ఒకటే దురద. రక్తపరీక్ష చూసి, "యే ఖుజ్లీ లివర్ సే హై" అందావిడ, ఈ దురద లివర్ వల్లేనని. వదిలేస్తే కడుపులో బిడ్డకే ప్రమాదమట. వెంటనే మందు రాసింది.

పోయినసారి నేను రక్తాలొచ్చేలా గోక్కుంటుంటే మీరు వేపాకూ పసుపూ నూరి పూశారు. "బిడ్డకి జుట్టు మొలస్తంటే దురదెడతాది. దీనికీ డాక్టరు ఏటే?" అని నా చెప్పులు దాచేశారు.

బిడ్డ చచ్చి పుట్టింది. మీరు గుడ్డ తొలగించి, దాని తల నిమిరి, "సూసినావా, ఎంత జుట్టో! నాను సెప్పనేదా?" అన్నారు.

ఈ బిడ్డ బతుకుతుంది అత్తయ్యా. మీరు లేరుగా.