పసుపు గుడ్డ విప్పిన మేకపోతు

2006 నవంబరు 12, ఆదివారం. మంచు ఇంకా విడలేదు. చలి ఎక్కువ. కోళ్లను గూట్లోంచి వదిలాను. మేకపోతు మెడలోని పసుపు గుడ్డ విప్పాను.

బిలాస్‌పూర్ రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరై, లింగియాడీహ్‌లో సొంత ఇంట్లో ఉంటున్న కోరాడ చిన్నారావు అనే నేను, మంగళవారం గుండె ఆపరేషన్‌కు రాయపూర్ వెళుతున్నందున, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివి నిలకడగా ఉండగా నా చేత్తో రాస్తున్న వీలునామా. దీన్ని అమలు జరపవలసినవాడు నా కొడుకు శివాజీ.

1. ఇల్లు, పెరడు నా భార్య అప్పయమ్మకు, ఆమె తదనంతరం శివాజీకి. పెరట్లోని రేగుచెట్టు కొట్టకూడదు.

2. పనిముట్ల పెట్టె శివాజీకి. స్పానర్లకు నూనె రాయడం వాడికి ఎప్పుడూ గుర్తుండదు. ఇకనైనా రాయాలి.

3. మేకపోతు. నేను బతికి తిరిగొస్తే దీన్ని మరిడమ్మ తల్లికి బలి ఇస్తానని అప్పయమ్మ మొక్కుకుంది. పసుపు గుడ్డ కట్టి, మేపమని మనవరాలు ఝాన్సీకి అప్పగించింది. మొక్కు మేకను పిల్ల చేతికి ఇవ్వడం పొరపాటు. ఝాన్సీ దానికి బాదల్, అంటే మబ్బు, అని పేరు పెట్టింది. అర్పా నది ఒడ్డు నుంచి లేత కొమ్మలు తెస్తుంది. తనకు జ్వరం వచ్చిన రోజున కూడా తెచ్చింది. వాన పడితే గోనె కప్పుకుని దాని పక్కనే కూర్చుంటుంది. మొన్న నన్ను అడిగింది: “తాతా, నువ్వు బాగై వస్తే బాదల్‌ని కోసెత్తారా?” నేను కోళ్లకు గింజలు వేయడానికి లేచిపోయాను. అప్పటినుంచి దేవుడి పటం ముందు అందరితోపాటు నిలబడుతుంది గాని చేతులు జోడించడం లేదు.

వీలునామా నేను పోతేనే పనిచేస్తుందని పక్కింటి శంకరరావు గారు చెప్పారు. నేను పోతే మొక్కూ ఉండదు. బతికితేనే మేకకు ప్రమాదం. అందుచేత బాదల్‌ను ఈ రోజే, నేను బతికుండగానే, ఝాన్సీకి ఇచ్చేశాను. అది ఇక ఇంటి మేక కాదు. మొక్కు తీరని దోషం ఏదైనా ఉంటే నా ఒక్కడి మీదే ఉండాలి. ఝాన్సీకి తెలుగు చదవడం రాదు గనక శివాజీ ఈ మాట సాయంత్రంలోగా ఆమెకు చదివి వినిపించాలి. నేను చెప్పబోయి, బాదల్ మెడ నిమిరి వచ్చేశాను.

4. సైకిలు బావమరిది బంగార్రాజుకు ఇవ్వకూడదు. నేనింకా ఆసుపత్రిలో చేరకముందే, ఈ సైకిలు మీదే తిరిగి మేక విందుకు అందరినీ పిలిచి వచ్చాడు. కాళ్లు అందాక అది ఝాన్సీకి.

తేదీ పైన రాసినదే.

సంతకం: కోరాడ చిన్నారావు

సాక్షులు: శంకరరావు, పక్కిల్లు.
సూర్యం, రైల్వే షెడ్‌లో నాతో పనిచేసినవాడు.

మొక్కు వదులుకున్నట్టు అప్పయమ్మ వేలిముద్ర: ఇంకా వేయలేదు. సిరా మెత్త తీసి పెట్టాను. బాదల్‌కు నీళ్లు పెట్టడానికి పెరట్లోకి వెళ్లింది. వచ్చాక అడుగుతాను.