పెద్ద సిలువ కింద కొవ్వొత్తి

తమ్ముడూ,

ఈరోజు ఆత్మల పండుగ. బర్మా యుద్ధంలో పోయిన నీకు సమాధి లేదు గనుక, ఎప్పటిలాగే జమ్మలమడుగు సమాధుల తోటలో పెద్ద సిలువ కింద నీ కొవ్వొత్తి వెలిగించాను.

రేపు ప్రొద్దుటూరులో ఎర్రజెండాల వాళ్లు యుద్ధం వద్దని ఊరేగింపు తీస్తున్నారు. నేనూ వస్తానన్నాను. అది విని ఫాదర్ పిలిపించారు.

"దేవుడు లేడనేటోళ్లతో మన గుడిలో జపాలు నేర్పే ఉపదేశివి, నువ్వే నడిస్తే ఎట్లప్పా? పోయినావంటే నీకు సత్ప్రసాదం లేదు, సచ్చినాక ఈ తోటలో చోటూ లేదు."

"తమ్ముని కోసరం పోతాండా సామీ" అన్నాను.

ఇంటికొచ్చి మీ వదిన చేతిలో ఇంకో కొవ్వొత్తి పెట్టాను.

"ఇదెవురికి?" అంది.

"నన్ను తోట బయట పూడిస్తే, సిలువ కింద వాని కొవ్వొత్తి పక్కనే నాదీ ముట్టించు."